‘సపోర్ట్’ చేసే పుట్టగొడుగులు

మొన్న సంక్రాంతికి తెనాలి వెళ్ళినప్పుడు జరిగింది ఇది. భోజనాలయ్యాక నాన్నగారు లోపలికెళ్ళి ఒక సీసా తెచ్చి నా ముందు పెట్టారు. డాలస్ నుంచి మా బావగారు తెచ్చారట. దాని పక్కన ఇంకో డబ్బా కూడా పెట్టారు. అది మా ఊళ్ళోనే గొలుసుకట్టు వ్యాపారం చేసే ఒకాయన అంటగట్టిన పుట్టగొడుగుల కాఫీపొడి. నెలకి 2,800 రూపాయలు, పెన్షన్లోంచి.

“ఒరేయ్, నువ్వు ఇంజనీరువి కదా. ఇది చదివి పనిచేస్తుందో లేదో చెప్పు. ఒక్క ముక్కలో చెప్పు” అన్నారు.

ముప్ఫయ్యేళ్ళు లెక్కలు చెప్పిన మనిషి. ఆన్సరు ముందు రాసి, స్టెప్పులు తర్వాత చూపించమంటారు. నేనేమో గత పద్నాలుగేళ్ళుగా ఏ ప్రశ్నకీ ఒక్క ముక్కలో జవాబు చెప్పని ఉద్యోగంలో ఉన్నాను. సీసా చేతిలోకి తీసుకుని చదివాను. రీషీ, షిటాకే, టర్కీ టెయిల్, ఇంకా ఏవో ఐదారు పేర్లున్నాయి. పైన పెద్దక్షరాల్లో, ఇది వయసు పైబడినవాళ్ళ రోగనిరోధక వ్యవస్థని ‘సపోర్ట్’ చేస్తుందని ఉంది. కింద చీమతలంత అక్షరాల్లో, పై మాటని ఎఫ్‌డీఏ పరిశీలించలేదనీ, ఇది ఏ జబ్బునీ తగ్గించడానికీ రాకుండా ఆపడానికీ కాదనీ ఉంది. నాన్నగారు పైది కళ్ళజోడు లేకుండానే చదివేశారు. కిందది కళ్ళజోడు ఉన్నా ఆయనకి కనపడదు.

నేను ప్రొడక్షన్ సపోర్ట్‌లో బతుకుతున్నవాణ్ణి. ‘సపోర్ట్’ అనే మాట ఎంత దూరం సాగుతుందో నాకు బాగా తెలుసు. క్లయింటు “మీ సిస్టమ్ ఇది సపోర్ట్ చేస్తుందా?” అని అడిగితే సేల్స్ వాడు “ఎందుకు చెయ్యదూ!” అంటాడు. దాని అర్థం ఏమిటో రాత్రి రెండింటికి ఫోనొచ్చినప్పుడు మనకి తెలుస్తుంది. అందుకే ఆ మాట దగ్గరే ఆగిపోయాను. అది ఆ సీసా మీదకి ఎలా వచ్చిందో తెలుసుకుందామని మొదలుపెడితే రెండు నెలలు పట్టింది. దొరికిన కథ నేననుకున్నదానికంటే చాలా బావుంది, అందుకే రాస్తున్నాను.

నవ్వులాటకి మాత్రం కాదు. రెండేళ్ళ క్రితం మా పెదనాన్నగారు న్యుమోనియాతో పోయారు. తొమ్మిది రోజులు ఐసీయూలో ఉన్నారు. అప్పట్నుంచి నాన్నగారికి భయం పట్టుకుంది. ఆయనకిప్పుడు 76. గుండెలో స్టెంటు ఉంది, రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటారు. ఆయన కొన్నది కాఫీపొడి కాదు, ఆ భయానికి మందు.

ముందే ఒక మాట. పుట్టగొడుగులు మనకి కొత్తేం కాదు. తొలకరి పడ్డాక పుట్టల మీద గొడుగుల్లా లేస్తాయి కాబట్టే ఆ పేరు. మా అమ్మమ్మ పుట్టకొక్కులు అనేది. దొరికిన రోజు ఇంట్లో మాంసం కూరకి ఉన్నంత మర్యాద దానికీ ఉండేది. కానీ మనకి అది కూర, మందు కాదు. మందన్న కథ మొదలైంది చైనాలో, జపాన్‌లో. రెండు వేల ఏళ్ళ నాటిదని చెప్పే చైనా మూలికల గ్రంథం ‘షెన్నోంగ్ బెన్‌సావ్ జింగ్’లో లింగ్‌ఝీ అనే పుట్టగొడుగుని ఉత్తమ శ్రేణి మందుల్లో చేర్చారు. ఉత్తమ శ్రేణి అంటే జబ్బు తగ్గించేవి కాదు, రోజూ తీసుకుంటే ఆయుష్షు పెంచేవన్నమాట. దాన్నే జపాన్ వాళ్ళు రీషీ అంటారు, శాస్త్రీయ నామం గానోడెర్మా. అమ్మేవాళ్ళందరూ ఈ రెండు వేల ఏళ్ళ దగ్గరే మొదలుపెడతారు. కానీ మన సీసా అసలు వంశవృక్షం అక్కడ లేదు. 1960ల టోక్యోలో ఉంది.

అక్కడికెళ్ళే ముందు ఒక్కసారి న్యూయార్క్ వెళ్ళొద్దాం. 1891లో అక్కడ విలియం కోలీ అనే సర్జన్ కేన్సర్ గడ్డలున్న రోగులకి కావాలని బాక్టీరియా ఎక్కించడం మొదలుపెట్టాడు. గట్టి చర్మవ్యాధి వచ్చి జ్వరంతో కాలిపోయిన ఒక రోగికి గడ్డ మాయమైపోయిందని పాత రికార్డుల్లో చూశాడు మరి. శరీరంలోని కాపలావాళ్ళని ఏదో ఒక పరాయి సరుకు చూపించి రెచ్చగొడితే వాళ్ళు కేన్సర్ మీద కూడా పడతారన్నది ఆ ఆలోచన. కొందరికి పనిచేసింది, చాలామందికి చెయ్యలేదు. రేడియేషన్, కీమోథెరపీ వచ్చాక అందరూ ఆయన్ని పక్కన పెట్టేశారు. ఆ ఆలోచన మాత్రం చావలేదు.

1960ల చివర్లో టోక్యోలోని నేషనల్ కేన్సర్ సెంటర్ పరిశోధన సంస్థలో ఇకెకావా, చిహారా అనే ఇద్దరు శాస్త్రవేత్తలు తినే పుట్టగొడుగుల మీద పడ్డారు. వేడినీళ్ళలో మరిగించి (మన కషాయం లాగే) ఆ సారాన్ని కేన్సర్ గడ్డ పెట్టిన ఎలుకలకి ఇచ్చారు. షిటాకే కషాయంతో గడ్డ పెరుగుదల 80 శాతం దాకా తగ్గింది. 1969లో చిహారా బృందం షిటాకే నుంచి ఒక పదార్థాన్ని వేరుచేసి ‘నేచర్’ పత్రికలో ప్రకటించింది. దాని పేరు లెంటినాన్. రసాయనంగా అది బీటా గ్లూకాన్, అంటే చక్కెర అణువులు గొలుసుల్లా అల్లుకున్న పదార్థం. పుట్టగొడుగు కణాల గోడల్లో ఉంటుంది. వింతేమిటంటే అది కేన్సర్ కణాన్ని ముట్టుకోదు. కాపలావాళ్ళని లేపుతుంది, అంతే. కోలీ ఆలోచనకి ఈసారి జ్వరం లేదు, ప్రమాదం లేదు. సంబరపడిపోరూ మరి!

ఇక్కడ మనలాంటి వాళ్ళు చూడాల్సిన చిన్న మెలిక ఒకటుంది. ఆ ప్రయోగాలన్నిట్లో వాడిన గడ్డ పేరు సార్కోమా 180. అది ఆ ఎలుకకి సొంతంగా పుట్టిన కేన్సర్ కాదు. ఎప్పుడో వేరే ఎలుకలో పుట్టి, ప్రయోగశాలల్లో తరతరాలుగా ఒక ఎలుక నుంచి ఇంకో ఎలుకకి మారుతూ వస్తున్న కణాలు. అంటే ఆ ఎలుక శరీరానికి అవి ఎటూ పరాయివే. పరాయి కిడ్నీ పెడితే మన శరీరం తోసిపారేయదూ, అలా ఆ గడ్డని కూడా ఎలుక సగం తోసేసే స్థితిలోనే ఉంటుంది. దానికి చిన్న ఊతమిస్తే చాలు. మనిషికి వచ్చే కేన్సర్ సొంత కణాల్లోంచే పుడుతుంది. కాపలావాళ్ళకి అది ఇంట్లో మనిషిలాగే కనిపిస్తుంది. ‘నా మెషీన్లో పనిచేస్తోంది కదా!’ అని మనవాళ్ళు అంటూ ఉంటారే, సరిగ్గా అదీ సంగతి. ఆ మెషీన్‌కి, ప్రొడక్షన్‌కి చాలా తేడా ఉంది.

ఇదే సమయంలో ఇంకో కథ నడుస్తోంది. కురేహా అని ఒక రసాయనాల కంపెనీ. జపాన్ వంటిళ్ళలో తిండి చుట్టే ప్లాస్టిక్ పొరకి పేరున్న కంపెనీ అది. 1965 ప్రాంతంలో అందులో పనిచేసే ఒక కెమికల్ ఇంజనీరు తన పక్కింటాయన కడుపు కేన్సర్‌కి ఒక నాటు మందు వాడటం గమనించాడని చెప్పుకుంటారు. చెట్ల మొదళ్ళకి అతుక్కుని పెరిగే గట్టి పుట్టగొడుగులవి. వాటిని అక్కడ ‘కోతి కూర్చునే పీటలు’ అంటారు. అలాంటివి బోలెడు పరీక్షిస్తే అందులో కవారతకే అనేది బాగా పనిచేసినట్టు తేలింది. కవారా అంటే పెంకు, తకే అంటే పుట్టగొడుగు. మన బంగళా పెంకుల్లా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటుంది మరి. ఇంగ్లీషులో దాన్నే టర్కీ కోడి తోకతో పోల్చి టర్కీ టెయిల్ అన్నారు. నాన్నగారి సీసా మీద మూడో పేరు.

కురేహా దాన్నుంచి తీసిన మందు పీఎస్‌కే. చివర్లో ‘కే’ అంటే కురేహాయే. 1977లో జపాన్ ప్రభుత్వం దాన్ని ‘క్రెస్టిన్’ పేరుతో కేన్సర్ మందుగా అనుమతించింది. రోజుకి 3 గ్రాములు, నోటితో తీసుకునే పొడి. దుష్ప్రభావాలు దాదాపు లేవు. డాక్టర్లు రాయడానికి భయపడక్కర్లేదు, రోగులు వాడటానికి భయపడక్కర్లేదు. 1980ల్లో జపాన్‌లో బాగా అమ్ముడుపోయిన కేన్సర్ మందుల్లో అదొకటి అయింది. 1985లో ఇంజెక్షన్ రూపంలో లెంటినాన్‌కి కూడా అనుమతి వచ్చింది.

ఆ తర్వాత ఏం జరిగిందన్నది అమ్మేవాళ్ళు చెప్పరు. 1989లో జపాన్ ప్రభుత్వం క్రెస్టిన్‌ని మళ్ళీ పరిశీలించింది. ఒంటరిగా వాడితే గడ్డ తగ్గుతుందనడానికి సరైన ఆధారం లేదని తేల్చి, కీమోథెరపీకి తోడుగా మాత్రమే వాడాలని కట్టడి చేసింది. పన్నెండేళ్ళపాటు అంతమంది వాడిన మందు!

అలాగని ఉత్తిదని కొట్టిపారేద్దామంటే అదీ కుదరదు. 1994లో ‘లాన్సెట్’లో ఒక ట్రయల్ వచ్చింది. కడుపు కేన్సర్‌కి ఆపరేషన్ అయిన 262 మందిలో, కీమోతో పాటు పీఎస్‌కే తీసుకున్నవాళ్ళు ఐదేళ్ళ తర్వాత 73 శాతం బతికున్నారు. కీమో మాత్రమే తీసుకున్నవాళ్ళు 60 శాతం. 2007లో ఎనిమిది ట్రయల్స్‌ని, మొత్తం 8,009 మందిని కలిపి లెక్కవేస్తే పీఎస్‌కే తీసుకున్నవాళ్ళలో మరణం ముప్పు 12 శాతం తక్కువని తేలింది. చిన్నదే, కానీ సున్నా కాదు. లెంటినాన్‌కి మాత్రం అంత అదృష్టం లేదు. 2016లో ప్రచురించిన ట్రయల్లో, ముదిరిన కడుపు కేన్సర్‌కి కొత్త తరం కీమో మందుతో కలిపి ఇస్తే అదనపు లాభం కనిపించలేదు. కీమో మందులు మెరుగవుతున్నకొద్దీ ఈ తోడు మందుల అవసరం తగ్గుతూ వచ్చింది. 2017లో క్రెస్టిన్ అమ్మకాలు ఆగిపోయాయి. నలభై ఏళ్ళ చరిత్ర ఉన్న మందు చప్పుడు లేకుండా వెళ్ళిపోయింది.

ఇప్పుడు గమనించండి. ఈ పీఎస్‌కే ట్రయల్స్ అన్నీ ఎవరి మీద? ఆపరేషన్ అయ్యి, కీమో తీసుకుంటున్న కేన్సర్ రోగుల మీద. ఏ మోతాదు? కంపెనీ తూచి, పరీక్షించి తయారుచేసిన ఒకే ఒక్క సరుకు, రోజుకి 3 గ్రాములు. మా నాన్నగారికి కేన్సర్ లేదు. ఆయన సీసాలో ఒక్కో క్యాప్సూల్లో ఎనిమిది రకాలు కలిపి అర గ్రాము. ఒక సిస్టమ్‌కి చేసిన టెస్ట్ రిపోర్టుని ఇంకో సిస్టమ్‌కి అతికించి రిలీజ్ చేసినట్టుంది వ్యవహారం.

మరి మందు సీసా కాస్తా టానిక్ సీసా ఎలా అయింది? అది కూడా జపాన్‌లోనే మొదలైంది. బ్రెజిల్‌లో సావోపాలో దగ్గర పియదాదె అనే ఊళ్ళో ఉండే ఒక జపాన్ వలసదారు 1965లో అక్కడి పుట్టగొడుగు ఒకదాన్ని జపాన్‌కి పంపించాడు. అదే అగారికస్. మందుగా అనుమతి ఎప్పుడూ రాలేదు, ఆరోగ్య ఆహారంగా మాత్రం జపాన్‌ని ఊపేసింది. మందు కాదు కాబట్టి కేన్సర్ తగ్గిస్తుందని ప్రకటన ఇవ్వకూడదు. దానికొక ఉపాయం కనిపెట్టారు. ప్రకటన బదులు పుస్తకం వేశారు! ‘నాకు కేన్సర్ తగ్గింది’ అని రోగులు చెప్పుకున్న కథలతో పుస్తకం, దాంట్లోనే సరుకు ఎక్కడ దొరుకుతుందో వివరాలు. 2005లో టోక్యో పోలీసులు అలాంటి పుస్తకాలు వేసిన ఒక ప్రచురణ సంస్థ వాళ్ళని అరెస్టు చేశారు. ఆ కథలు కల్పించి రాసినవని బయటపడింది. మన వాట్సాప్ ఫార్వర్డులకి తాతముత్తాత అన్నమాట.

మరుసటి ఏడాది ఇంకో దెబ్బ. జపాన్ ప్రభుత్వ ప్రయోగశాల మూడు అగారికస్ సరుకుల్ని ఎలుకల మీద పరీక్షించింది. వాటిలో ఒకటి, కిరిన్ అనే పెద్ద బీరు సంస్థకి చెందిన కంపెనీ అమ్మేది, కేన్సర్ పెరగడానికి తోడ్పడే గుణం చూపించింది. 2006 ఫిబ్రవరిలో దాన్ని వెనక్కి తీసుకున్నారు. మిగతా రెండిట్లో ఆ గుణం కనపడలేదు. అంటే పుట్టగొడుగు చెడ్డదని కాదు, ఒకే పేరుతో అమ్మే మూడు డబ్బాల్లో మూడు వేరు సరుకులున్నాయని. ఎవరూ పరీక్షించకపోతే ఏ డబ్బాలో ఏముందో కొనేవాడికి తెలిసే దారే లేదు.

ఇక మన సీసా పుట్టింటికి, అమెరికాకి వద్దాం. 1990ల మొదట్లో అక్కడ విటమిన్లు, మూలికలు అమ్మేవాళ్ళ మీద ఎఫ్‌డీఏ కొంచెం బిగించబోయింది. అమ్మేవాళ్ళు ఊరుకోలేదు. 1993లో ఒక టీవీ ప్రకటన వచ్చింది. అర్ధరాత్రి తుపాకులతో పోలీసులు ఇంట్లో జొరబడతారు, లోపల సినిమా హీరో మెల్ గిబ్సన్ “ఇవి విటమిన్లే బాబూ” అన్నట్టు చేతులెత్తి నిలబడతాడు. జనం ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. యూటా సెనేటర్ ఆరిన్ హ్యాచ్ ముందుండి బిల్లు నడిపించాడు. 1994 అక్టోబర్ 25న క్లింటన్ సంతకం పెట్టాడు. ఆ చట్టంతో సప్లిమెంట్లు మందుల వరసలోంచి బయటపడ్డాయి. అమ్మేముందు పనిచేస్తుందని ప్రభుత్వానికి నిరూపించక్కర్లేదు. జబ్బు పేరు ఎత్తకూడదు. శరీరంలో ఫలానా భాగానికి, ఫలానా పనికి మంచిదని మాత్రం చెప్పుకోవచ్చు. కింద ఆ చీమతలంత అక్షరాలు వెయ్యాలి.

అయితే జబ్బు పేరెత్తడానికీ, ఎత్తకపోవడానికీ మధ్య గీత ఎక్కడ? 2000 జనవరిలో ఎఫ్‌డీఏ ఒక నియమావళి వేసి ఉదాహరణలతో సహా వివరించింది. నాకు రెండు నెలల వెతుకులాటలో దొరికిన అసలు ముక్క ఇదే. ‘ఇన్‌ఫెక్షన్‌ని తట్టుకునే శక్తికి సపోర్ట్’ అని రాయకూడదట, అది జబ్బు గురించి చెప్పినట్టే అవుతుందట. ‘వైరస్‌ని ఎదుర్కొనే శక్తికి సపోర్ట్’ అనీ రాయకూడదు. ‘రోగనిరోధక వ్యవస్థకి సపోర్ట్’ అని మాత్రం రాసుకోవచ్చు. ఎందుకంటే ఆ మాట దేన్నీ ప్రత్యేకంగా సూచించేంత స్పష్టంగా లేదు కాబట్టి!

రెండుసార్లు చదివాను. ఆ వాక్యం సీసా మీద ఉండటానికి కారణం దాని వెనక ఆధారం ఉండటం కాదు, దానికి అర్థం లేకపోవడం. అర్థం ఉంటే చట్టం ఒప్పుకునేది కాదు. చదివే మా నాన్నగారు మాత్రం అందులో ‘న్యుమోనియా రాదు’ అని చదువుకున్నారు. రాసినవాళ్ళకి కూడా ఆయన అలాగే చదువుకుంటారని తెలుసు. అబద్ధం ఎవరూ ఆడలేదు, అయినా నెలకి 2,800 వెళ్ళిపోతోంది.

మన దగ్గరా పెద్ద తేడా ఏం లేదు. 2016లో వచ్చిన మన ఆహార భద్రతా సంస్థ నిబంధనల ప్రకారం ఇలాంటి డబ్బాల మీద ‘వైద్య అవసరాలకి కాదు’ అని రాసి తీరాలి. నాన్నగారి కాఫీ డబ్బా తిప్పి చూస్తే నిజంగానే ఉంది, ఇంగ్లీషులో. అమ్మినాయన తెలుగులో చెప్పింది వేరే.

పోనీ సీసా మీద రాసిన పుట్టగొడుగైనా లోపల ఉందా? 2017లో ‘సైంటిఫిక్ రిపోర్ట్స్’ పత్రికలో ఒక పరీక్ష వచ్చింది. అమెరికాలో కొన్న 19 రకాల రీషీ సప్లిమెంట్లని పరిశీలిస్తే, ఐదు మాత్రమే నిజమైన రీషీకి సరిపోయాయి. అంటే నూటికి 26. మన క్యూఏ టీమ్ ఇలాంటి బిల్డ్‌ని గేటు దాటనిస్తుందా? చాలా కంపెనీలు పుట్టగొడుగుని కాకుండా, ధాన్యం మీద పెంచిన దాని వేరులాంటి దారాల్ని ఆ ధాన్యంతో సహా పొడి చేసి నింపుతాయి. అప్పుడు సీసాలో సగం బియ్యప్పిండే ఉండొచ్చు. డాలస్ నుంచి తెనాలికి బియ్యప్పిండి!

ఇక అసలు ప్రశ్న మిగిలింది. వయసు పైబడిన శరీరంలో ఈ కాపలా వ్యవస్థకి ఏమవుతుంది? రొమ్ము ఎముక వెనక థైమస్ అని చిన్న గ్రంథి ఉంటుంది. అది పనికిమాలిందని డాక్టర్లే అనుకునేవారు. 1961లో జాక్ మిల్లర్ లండన్‌లో పుట్టిన వెంటనే ఎలుకపిల్లలకి అది తీసేసి చూస్తే అవి ఇన్‌ఫెక్షన్లతో చచ్చిపోయాయి. టీ కణాలు తయారయ్యే బడి అదే. ఆ బడి యవ్వనం నుంచే మూతపడుతూ వస్తుంది. డెబ్బైల్లోకి వచ్చేసరికి కొత్త బ్యాచ్ దాదాపు రాదు, ఉన్న పాత స్టాఫే అన్నీ చూసుకోవాలి. పాత శత్రువుని గుర్తుపడతారు, కొత్తవాణ్ణి చూస్తే తెల్లబోతారు. దానికి తోడు 2000లో ఫ్రాన్సెస్కీ అనే ఇటలీ శాస్త్రవేత్త ఇంకో సంగతి ఎత్తిచూపాడు. ముసలి శరీరంలో ఎప్పుడూ ఒక సన్నని మంట రగులుతూనే ఉంటుంది. అంటే వ్యవస్థ నెమ్మదించింది, అదే సమయంలో ఊరికే అలారాలు మోగిస్తోంది. అలాంటిదాన్ని ఊరికే ‘పెంచేస్తే’ మంచిదేనా? ఆన్‌కాల్ చేసినవాళ్ళకి తెలుసు, అలారాలు పెంచితే సిస్టమ్ బాగుపడదు.

పుట్టగొడుగు పదార్థం మన కణాలకి తగులుతుందన్నది నిజమే. 2001లో ఆక్స్‌ఫర్డ్‌లో బీటా గ్లూకాన్‌ని పట్టుకునే గ్రాహకం డెక్టిన్-1 అని కనుక్కున్నారు. ఫంగస్ వస్తే గుర్తుపట్టడానికి మన కణాలకి ఉన్న సెన్సార్ అది. కాబట్టి ఆలోచన గాల్లో మేడ కాదు. పెద్దవాళ్ళ మీద పరీక్షలూ జరిగాయి. 2011లో వచ్చిన ఒక చిన్న పరిశీలనలో, ఆరోగ్యంగా ఉన్న 42 మంది పెద్దవాళ్ళకి ఆరు వారాలు షిటాకే గ్లూకాన్ ఇస్తే రక్తంలో బీ కణాల సంఖ్య పెరిగింది. 2012లో బ్రెజిల్‌లో 57 మంది వృద్ధ మహిళల మీద చేసిన పరీక్షలో, 60 రోజులు రోజుకి 900 మిల్లీగ్రాముల అగారికస్ ఇస్తే మంట సూచించే మూడు పదార్థాల్లో ఏ మార్పూ రాలేదు. అంతే. ఒకచోట కణాల లెక్క కొంచెం పెరిగింది, ఇంకోచోట ఏం మారలేదు. న్యుమోనియా తగ్గిందా, మనిషి ఎక్కువ బతికాడా అని ఆ రెండూ చూడలేదు. లాగ్‌లో ఒక నంబరు పెరగడం వేరు, సైటు పడిపోకుండా ఉండటం వేరు.

ఇక్కడితో ఆపేద్దామనుకున్నా. కానీ ఇంకో చెట్టు సరుకు కథ కనపడింది, అది చెప్పకపోతే ఇదంతా సగమే. చిన్నప్పుడు ఆటలమ్మ పోసినవాళ్ళ నరాల్లో ఆ వైరస్ దాక్కుని ఉంటుంది. వయసు మీదపడి కాపలా సడలగానే సర్పిగా బయటికొస్తుంది. ఆ నొప్పి పడ్డవాళ్ళని అడగండి. సర్పికి ఇప్పుడొక టీకా ఉంది. అందులో వైరస్ ముక్కతో పాటు, ముసలి కాపలావాళ్ళని తట్టిలేపడానికి రెండు పదార్థాలు కలుపుతారు. ఒకటి బాక్టీరియా నుంచి తీసింది, రెండోది చిలీ దేశంలో పెరిగే కిల్లాయా అనే చెట్టు బెరడు నుంచి తీసింది. చూశారా, కోలీ ఆలోచనే, చిహారా ఆలోచనే! ప్రకృతి సరుకుతో కాపలావాణ్ణి లేపడమే. తేడా ఒక్కటే. దీన్ని 15 వేల మందికి పైగా మనుషుల మీద పరీక్షించారు. 2015లో వచ్చిన ఫలితం, 50 దాటినవాళ్ళలో సర్పి 97 శాతం తగ్గింది. 2016లో వచ్చిన ఇంకో ట్రయల్లో, 70 దాటినవాళ్ళలో సుమారు 90 శాతం. అప్పటిదాకా ముసలి శరీరానికి టీకాలు సరిగ్గా పట్టవనే అందరూ అనుకునేవారు.

కాబట్టి గొడవ ప్రకృతికీ రసాయనానికీ మధ్య కాదు, తూర్పుకీ పడమరకీ మధ్య అంతకన్నా కాదు. ఒకే ఆలోచన రెండు దార్లు పట్టింది. ఒకటి ‘ఎంత పనిచేస్తుంది?’ అని అడిగించుకుని అంకె చెప్పింది. రెండోది ఆ ప్రశ్న అడగక్కర్లేని చట్టం చూసుకుని సీసాలో కూర్చుంది. పుట్టగొడుగులు మొదటి దారిలోనే బయల్దేరాయి, కొంత దూరం నిజాయితీగానే నడిచాయి కూడా. రేపు ఎవరైనా సరైన ట్రయల్ చేసి అంకె చూపిస్తే ఈ టపా నేనే దిద్దుకుంటాను.

పోయిన ఆదివారం ఫోన్లో నాన్నగారికి ఇదంతా చెప్పాను. ముప్పావు గంట విన్నారు. ఒక్క ముక్కలో చెప్పమన్నారు కదా, అది కూడా చెప్పాను: “మీరు అనుకుంటున్న పనికి, లేదు నాన్నగారూ.” రీషీకి రక్తం గడ్డకట్టడాన్ని తగ్గించే గుణం ఉండొచ్చనీ, పలచబడే మాత్రలతో కలిపేముందు గుండె డాక్టరుని అడగాలనీ చెప్పాను. ఆ మాటకి మాత్రం కొంచెం కంగారుపడ్డారు. డాక్టరుకి ఇన్నాళ్ళూ చెప్పలేదట, “అది మందు కాదు కదరా” అన్నారు.

న్యుమోనియా టీకా వేయించుకున్నారా అని అడిగాను. లేదన్నారు. ఫ్లూ టీకా? అదీ లేదు. అన్నగారు పోయిన రెండేళ్ళలో కాఫీపొడికి ఎంతయిందో లెక్క కట్టమన్నాను. 24 నెలలు, నెలకి 2,800, నోటితోనే చెప్పేశారు, 67,200. కాసేపు అవతల ఏ చప్పుడూ లేదు. ఆ డబ్బుతో న్యుమోనియా టీకా, ఏటా ఫ్లూ టీకా, ఖరీదైన ఆ సర్పి టీకా రెండు డోసులూ అయిపోయి ఇంకా మిగిలేది. నాకు కోపం ఆ కాఫీ ఆయన మీద కంటే నా మీదే ఎక్కువ వచ్చింది. రెండేళ్ళలో ఎన్నిసార్లు ఊరెళ్ళాను, ఒక్కసారైనా అడిగానా?

“సరే గానీ, ఆ టీకా వాడు కూడా సపోర్ట్ అనే రాశాడా?” అన్నారు చివర్లో.

“లేదండీ, అంకె రాశాడు.”

“అంకె ఉంటే పంపించు, చూస్తా.”

పంపించాను. బుధవారం డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చారని అమ్మ చెప్పింది, డబ్బాతో సహా పట్టుకెళ్ళారట. డాక్టరు కాఫీపొడి ఆపమని, న్యుమోనియా టీకా అక్కడే వేసి పంపారట. బావగారి సీసా మాత్రం ఇంకా షోకేసులోనే ఉంది, అల్లుడు తెచ్చింది పారేస్తే బాగోదని.

ఈ వేసవికి ఇండియా వెళ్తూ సూట్‌కేసులో ఇలాంటి సీసాలు సర్దుకునేవాళ్ళు మీలో చాలామంది ఉంటారు. సర్దుకోండి, ప్రేమకి నేనడ్డం రాను. కాకపోతే వెళ్ళగానే అమ్మానాన్నల టీకాల కాగితాలు ఒకసారి అడగండి. నాలాగా రెండేళ్ళు ఆగకండి.